వాక్యము ముందు, ప్రార్థన వెనుక

రాజోలు దగ్గర ఒక చిన్న సంఘములో ఆదివార ఆరాధన ముగించుకొని నేను మందిరపు మెట్లు దిగుచుండగా ఒక సహోదరుడు నన్ను ఆపెను. వయస్సు నలుబదికి పైన. కొబ్బరి దింపు పని ఆయన జీవనము.

"అయ్యగారండి, మా ఇంటి కోసం కాస్త గట్టిగా ప్రార్థన చేయండి."

"తప్పకుండా చేస్తాను. నువ్వు కూడా చేస్తున్నావా, తమ్ముడూ?"

"ఆయ్, చేత్తన్నానండి. కానండి, అయిదు నిమిషాలకే అయిపోద్దండి. పిల్లలు, అప్పు, అమ్మ కాళ్ళ నొప్పులు, అంతేనండి. ఆ తర్వాత ఏం మాటాడాలో తెలవదండి. కళ్ళు మూసుకుంటే రేపు ఎక్కాల్సిన చెట్లే కనపడతాయండి. తమరికైతే మాటలొత్తాయి."

ఆ చివరి మాట నన్ను ఇంటివరకు వెంబడించెను. ఆ దినమున నేను ఆయనకు చెప్పినదెల్ల "అలాగే చేస్తూ ఉండు, ప్రభువు నేర్పిస్తాడు" అనుటయే. అది జవాబు కాదు, దాటవేత. ఆ బాకీ తీర్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రియ చదువరులారా, ఆ సహోదరుని చిక్కు క్రొత్తది కాదు. ఇంగ్లాండు దేశములో బ్రిస్టల్ పట్టణమున, వేలాది అనాథ పిల్లలను ప్రార్థనవలననే పోషించెనని పేరుపొందిన జార్జి ముల్లర్‌కు కూడ ఇదే చిక్కు పది సంవత్సరములకు పైగా ఉండెను. ఆయన దానినుండి ఎట్లు బయటపడెనో తానే వ్రాసిపెట్టెను. అది చెప్పకముందు, ఈ ముల్లర్ మన గోదావరి డెల్టాకు పరాయివాడు కాడని చెప్పవలెను. ఆ సంబంధమును మన సంఘములలో చాలమంది మరచిరి.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనునాయన ఎక్సిటర్ పట్టణమున దంతవైద్యుడు. మంచి రాబడి విడిచి 1829లో బాగ్దాదునకు బయలుదేరి, 1833లో మన దేశమునకు వచ్చెను. ఆయన సోదరి మేరీని ముల్లర్ 1830లో వివాహమాడెను. అనగా వీరిద్దరు బావమరదులు. ఇండియాలో పని విస్తారమనియు పనివారు కొద్దిమంది అనియు గ్రోవ్స్ కన్నులార చూచి, పనివారిని వెదకుటకు స్వదేశమునకు తిరిగి వెళ్ళెను. 1835లో జర్మనీ దేశమునకు కూడ పోయి వెదకినప్పుడు ఆయన వెంట మాట సహాయమునకు వెళ్ళినవాడు ముల్లరే.

మరుసటి సంవత్సరము, 1836లో, గ్రోవ్స్ వెంట ఓడ ఎక్కినవారిలో ఇద్దరు యౌవనస్థులు డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ వైపువారు. ఒకరు విలియం బౌడెన్, రాతిపని చేయువాడు. మరియొకరు జార్జి బీర్, చెప్పులు కుట్టువాడు. ఇద్దరును భార్యలతో బయలుదేరిరి. ఈ మాట చదువునప్పుడెల్ల నేను కొంచెము ఆగుదును. ఏ వృత్తివారిని మన దేశము ఊరి వెలుపల ఉంచెనో, ఆ వృత్తి చేసినవానినే దేవుడు మన తీరమునకు బోధకునిగా పంపెను. మన పేటలలోని పెద్దలు ఆ సంగతి విని ఏమనుకొనిరో వ్రాసినవారు లేరు గాని, నేను ఊహించగలను.

వారు మద్రాసులో దిగి, మచిలీపట్టణమునకు పోయి తెలుగు నేర్చుకొని, 1837లో నరసాపురము చేరిరి. వశిష్ఠకు ఆ ఒడ్డు నరసాపురము, ఈ ఒడ్డు మన సఖినేటిపల్లి. వారికి నెలజీతమిచ్చు మిషను సంఘమేదియు వెనుక లేదు. ఉత్తరము వెళ్ళి జవాబు వచ్చుటకు నెలలు గడచు దినములవి. ముల్లర్ 1834లో ఆరంభించిన లేఖన జ్ఞాన సంస్థ ద్వారా గోదావరి సేవకులకు సహాయము వచ్చుచుండెను. ఆ ముల్లర్ కూడ ఎవరి జేబునకును చెయ్యి చాపక, దేవునినే అడిగి తెచ్చుకొనువాడు. 1836 ఏప్రిల్‌లో, ఈ ఇద్దరు కుటుంబస్థులు సముద్రముమీద ఉన్న కాలముననే, ఆయన బ్రిస్టల్‌లోని విల్సన్ వీధిలో అద్దె ఇంట మొదటి అనాథ గృహము తెరచెను. తరువాత కాలమున ఆష్లీ డౌన్ అను మెట్టమీద అయిదు పెద్ద గృహములు లేచి, ఒకేసారి రెండువేలమందికి పైగా పిల్లలు అన్నము తినిరి.

నరసాపురములో మొదటి సంవత్సరములు కఠినమైనవి, ఫలము బహు స్వల్పము. 1832–33 నాటి డొక్కల కరువు దెబ్బ ఇంకను మానలేదు. ఏటేట వాంతిభేది. 1847 మొదలు 1852 వరకు దవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట కట్టించునప్పుడు వేలాది కూలీలు అచ్చట గుమిగూడగా, వారి మధ్య సువార్త చెప్పుటకు తలుపు తెరువబడెను. బీర్ 1853లో చనిపోయెను. గ్రోవ్స్ కూడ ఆ యేడే బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంటనే కన్నుమూసెను. బౌడెన్ 1876లో మరణించువరకు నలుబది యేండ్లు ఈ డెల్టాలోనే పనిచేసెను. వారి కుటుంబములు ఆ పని కొనసాగించినవి. నేటికిని ఈ ప్రాంతమున "బ్రదరను సంఘము" అని పిలువబడు సంఘములు ఆ వేళ్ళనుండి వచ్చినవే.

ఇక ముల్లర్ మాట. ఆయననుగూర్చి మన కూటములలో చెప్పబడు కథ ఒక్కటే: ఇంట రొట్టె లేకున్నను పిల్లలను బల్లయొద్ద కూర్చుండబెట్టి కృతజ్ఞత చెల్లించుట, ఇంతలో రొట్టెలవాడు తలుపు తట్టుట, పాలబండి చక్రము గుమ్మము ముందే విరుగుట. నేనును ఆ కథను ఎన్నో వేదికలమీద చెప్పితిని, జనులు చప్పట్లు కొట్టిరి. కాని ఆ కథ ఒక్కటే చెప్పినయెడల ప్రార్థన అనగా సరకు తెప్పించుకొను యుక్తి అనిపించును. పోస్టర్లు అంటించి "అడుగుడి, వచ్చును" అని పిలుచువారు ఈ కాలమున అమలాపురములోను కొత్తపేటలోను కొరతగా లేరు. ముల్లర్ జీవితమున రొట్టెకన్న ముఖ్యమైన సంగతి 1841లో జరిగెను. దానికి చప్పట్లు లేవు.

ఆ వసంతకాలమున ఆయన నెయిల్స్‌వర్త్ అను ఊరిలో కొన్నాళ్ళు ఉండెను. వయస్సు ముప్పదియైదు. అప్పటికే పదేండ్లకు పైగా సంఘకాపరి, అనాథ గృహములు నడుపుచున్నవాడు. అంతవరకు ఆయన అలవాటేమనగా, లేచి బట్టలు ధరించిన వెంటనే మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టుట. మంచి అలవాటే. కాని పావుగంట, అరగంట, ఒక్కొక్కప్పుడు గంట గడచినను మనస్సు కుదురుకొనదు. ఎక్కడెక్కడో తిరుగును. తాను నిజముగా ప్రార్థించుచున్నానని తెలియునప్పటికి సమయము సగము పోవును. దీనిని దాచుకొనక అచ్చువేయించినందుకు ఆయనకు నేను ఋణపడియున్నాను. అన్ని లక్షల రూపాయలు ప్రార్థించి తెచ్చినవానికే మోకాళ్ళమీద మనస్సు తిరిగినయెడల, మన దింపు తమ్మునికి చెట్లు కనబడుటలో వింతేమున్నది?

అప్పుడు ఆయన వరుస మార్చెను. ముందు ప్రార్థన కాదు, ముందు వాక్యము. చదువబోవు వాక్యమును ఆశీర్వదించుమని ప్రభువును రెండు మాటలలో అడుగును. తరువాత క్రొత్త నిబంధనను మొదటినుండి తీసికొని, తెల్లవారుజామున, ఒక్కొక్క వచనమును నెమ్మదిగా చదువును. ఈ వచనములో నా ప్రాణమునకు ఆహారమేమున్నది అని వెదకును. అట్లు వెదకుచుండగా, కొన్ని నిమిషములకే, ఒకచోట పాపపు ఒప్పుకోలు, ఒకచోట కృతజ్ఞత, ఒకచోట మరియొకరికొరకు విజ్ఞాపన, తనంతట అది ప్రార్థనగా మారును. ప్రార్థన ముగిసిన తరువాత మరల ముందరి వచనమునకు పోవును. మాటలు వెదకుకొను పనిలేదు. దేవుడు ముందు మాటలాడెను, ఈయన జవాబు చెప్పుచున్నాడు.

ఇంకొక సంగతి. ఆయన కూర్చుండి కాక, పెద్ద అక్షరముల క్రొత్త నిబంధన చేతపట్టుకొని పొలములలో నడచుచు ఇది చేసెను. దేహారోగ్యమునకును మంచిదని వ్రాసెను. గది లేదని, మోకాళ్ళు నొప్పియని చెప్పువారు ఇది గమనింపవలెను.

మన ప్రాంతపు మాటలో చెప్పవలెనన్న, 1841కి ముందు ముల్లర్ ప్రార్థన గూడ వేసినట్లుండెను. ఆనకట్టకు ముందు మన పితరుల వ్యవసాయము అట్టిదే. ప్రక్కనే గౌతమి, వశిష్ఠ, వైనతేయ నిండుగా పారుచుండెను, చేలు ఎండుచుండెను. ఇద్దరు గట్టుమీద నిలిచి గూడకు త్రాళ్ళు కట్టి తోడినంత తడియే తడి, చేయి ఆగినచో నీరాగెను. ఆనకట్ట చేసిన మేలేమి? ఎగువన నీటిమట్టమును నిలువబెట్టెను. అప్పుడు పల్లమెరిగి నీరు తానే కాలువలవెంట దిగివచ్చెను. పి. గన్నవరము దగ్గర వైనతేయమీద కట్టిన అక్విడక్టు చూడనివారు మనలో ఎవరు? క్రింద నది పారుచుండగానే పైన కాలువ దాటి రాజోలు లంకలోని చేలకు నీరు చేరెను. ఎవరును తోడలేదు. వాక్యము ఎగువన ఉన్నప్పుడు ప్రార్థన అట్లే దిగివచ్చును.

ఇక్కడ ఎవరైన అడుగవచ్చును: ముల్లర్ చదువుకొన్నవాడు, పుస్తకము చేతనున్నవాడు. బౌడెన్, బీర్ల బోధ వినిన మన మాల మాదిగ పేటల పితరుల మాటేమి? బడి గుమ్మము ఎక్కనీయని జనమది. 1901 నాటి జనాభా లెక్కలలో సహితము మద్రాసు రాజధానిలో చదువు వచ్చినవారు నూటికి పదిమందియైనను లేరు. పేటలలో ఇంకెంత తక్కువయో చెప్పనేల? గది అందుమా, తాటాకు ఇల్లు ఒక్క గదియే. అందులోనే పొయ్యి, ముసలివారు, పిల్లలు, వానకాలమున మేక. గదిలోనికి పోయి తలుపు వేసికొనుమని ప్రభువు మత్తయి ఆరవ అధ్యాయములో చెప్పిన మాటను వారెట్లు గైకొనిరి?

మా తల్లి ఆ తరముల చివరిది. ఆమెకు అక్షరములు రావు. రాత్రి బడిలో బోధకుడు పలికించిన వచనములు, ప్రభువు నేర్పిన ప్రార్థన, కొన్ని కీర్తనలు, అన్నియు నోటికి వచ్చును. లెక్కపెట్టిన నలుబదికి మించవు. తెల్లవారుజామున వాకిట కళ్ళాపి చల్లుచు ఒక వచనము పలుకును. సగములో ఆగును. ఏదో ఒక మాట పట్టుకొని, ఇంటిలోని పెద్దతో చెప్పుకొన్నట్లు ప్రభువుతో మాటలాడును. మరల చీపురు తీసికొని మిగిలిన సగము పలుకును. చిన్నతనమున నేను చూచి నవ్వితిని. ఆమె ముల్లర్ పేరు ఎన్నడును వినలేదు. పుస్తకము లేనందున వచనమును కడుపులో పెట్టుకొనవలసివచ్చెను, గది లేనందున వాకిలియే గది ఆయెను. లేమి ఆమెకు నేర్పినదానిని ముల్లర్ పదేండ్ల ప్రయాసతో కనుగొనెను.

మన పితరులకు ఇంకొకటి కూడ దొరికెను. గుడి గడప తొక్కనీయబడని మనుష్యుడు, మధ్యవర్తి లేకుండ, తన సొంత భాషలో, తన ముతక మాటలతో, భూమ్యాకాశముల కర్తతో నేరుగా మాటలాడవచ్చునని వినుట సామాన్య సంగతియా? ఆ హక్కు కొరకు కొందరు పని పోగొట్టుకొనిరి, కొందరు దెబ్బలు తినిరి. వారి మనుమలమైన మనము ఇప్పుడేమి చేయుచున్నాము? ప్రార్థనను తిరిగి మధ్యవర్తుల చేతికి ఇచ్చుచున్నాము. "అయ్యగారండి, మీరు చేయండి, మీ ప్రార్థన గట్టిది" అని ఫోనులో చెప్పి, మన ఫోను మనము చూచుకొనుచున్నాము. ఒకరికొరకు ఒకరు ప్రార్థించుట వాక్యానుసారమే. అప్పగించి చేతులు దులుపుకొనుట కాదు. ఇందులో నావంటివారి తప్పు ఎక్కువ. మాకు ఆ పిలుపు తియ్యగా ఉండును.

నా తప్పు ఇంకను చెప్పెదను. వేదాంత పాఠశాలలో స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన అని ప్రార్థనకు నాలుగు భాగములు నేర్చితిని. మంచి పాఠమే. కాని సేవలో ప్రవేశించిన తరువాత బైబిలు తెరచినప్పుడెల్ల ఆదివారపు ప్రసంగముకొరకే తెరచితిని. ఒక మంచి వచనము తగిలిన, ఇది ఫలానావారికి గట్టిగా తగులును అనుకొంటిని గాని, నాకు తగులనియ్యలేదు. ముల్లర్ ఈ గోతిని ఎరుగును. బోధకొరకు కాక తన ప్రాణముకొరకు వెదకవలెనని ప్రత్యేకముగా వ్రాసెను. వడ్డించువాడు తినకుండ ఎన్ని బంతులు వడ్డించగలడు?

మా తల్లి మంచము పట్టిన చివరి దినములలో, ఒక సాయంకాలము బంధువులందరు చుట్టు నిలిచియుండగా నన్ను ప్రార్థించుమనిరి. ప్రార్థించితిని. మాటలు చక్కగా వచ్చినవి. కొందరు కన్నీరు తుడుచుకొనిరి. ఆమేన్ అనిన తరువాత ఆమె కన్నులు తెరచి, "నాయనా, అది సంగం ప్రార్థన. ఇప్పుడు ఇంటి ప్రార్థన చెయ్యి" అనెను. నాకు నోట మాట రాలేదు. ఆమెయే ఒక వచనము సగము పలికి ఆగెను. మిగిలిన సగము నన్ను పలుకుమని సైగ చేసెను. ఆ రాత్రినుండి నేను మరల ఒకటవ తరగతిలో చేరితిని.

దింపు తమ్మునియొద్దకు మూడు వారముల తరువాత తిరిగి వెళ్ళితిని. అయిదవ తరగతివరకు చదువుకొన్నవాడు గనుక అక్షరములు కూడబలుకుకొని చదువగలడు. ఆయనకు నేను చెప్పినది ఇంతే: ప్రభువు నేర్పిన ప్రార్థన నీకు వచ్చును. రోజుకు ఒక్క మాట తీసికొనుము. ఉదయము చెట్టు ఎక్కకముందు, ఫోను ముట్టకముందు, ఆ మాటను మెల్లగా మూడు సార్లు పలుకుము. ఇది నాతో ఏమనుచున్నది అని అడుగుము. తోచినది ప్రభువుతో చెప్పుము. తోచనియెడల ఊరకుండుము. అయిదు నిమిషములలో అయినను చింతపడకుము. ఆ మాట నీలో దిగకముందు ముందరి మాటకు పోకుము. బైబిలు ఫోనులోనే ఉన్నదండి అనెను. ఉండవచ్చును. కాని వచనము తెరచునంతలోనే కొబ్బరికాయల ధరయు, చుట్టముల సందేశములును అందులోనే మ్రోగును. ఒకచోట ప్రార్థన, ఒకచోట సంత కుదరదు. పుస్తకమే మేలని చెప్పి, పెద్ద అక్షరముల క్రొత్త నిబంధన ఒకటి ఇచ్చితిని.

ఎక్కడ చేయవలెనని అడిగెను. ఇంట ఆరుగురు. నేను కాలువ గట్టు చూపితిని. ఆయన నవ్వి, చెట్టుపైన అయితే ఎవరును రారండి అనెను. చెట్టుపైన కత్తిమీద దృష్టి పెట్టుమని చెప్పితిని.

వేసవిలో కాలువలు కట్టివేసిన దినములు వచ్చినవి. ఆ సంవత్సరము మా వైపు బోదెలలో పూడిక తీసి, గుర్రపుడెక్క లాగి గట్టున కుప్పలు వేయుచుండిరి. ఎగువన నీరెంత ఉన్నను, ఇది తీయనిదే శివారు చేలకు చేరదు. అక్కడ ఆ సహోదరుడు నాకు మరల ఎదురుపడెను.

"ఏమి తమ్ముడూ, ఎంతవరకు వచ్చావు?"

"ఆగిపోయానండి."

"ఎక్కడ?"

"క్షమించే కాడండి. అంతవరకూ బాగానే నడిచిందండి. తండ్రీ అన్న మాటకాడే పది రోజులున్నానండి, మా నాన్న గుర్తొచ్చి. రొట్టె కాడ కూడా బాగానే ఉందండి. క్షమించే కాడికొచ్చేతలికి ఇంక నోరు పెగలట్లేదండి."

సంగతి ఏమనగా, ఆయనకును ఆయన అన్నకును కొబ్బరితోట గట్టు విషయమై తగాదా. ఆరేండ్లుగా మాటలు లేవు. అన్న కూతురి పెండ్లికి కూడ వెళ్ళలేదు. ఇద్దరును ఒకే మందిరమునకు వచ్చి, ఇటు గోడయొద్ద ఒకరు, అటు గోడయొద్ద ఒకరు కూర్చుందురు. నేను ప్రతి ఆదివారము చూచుచునే ఉంటిని. ఏకమనస్సునుగూర్చి వారిముందు రెండు ప్రసంగములు కూడ చేసితిని.

"ఆ మాట దాటేసి ముందుకెళ్ళమంటారా అండి?" అని అడిగెను.

వద్దంటిని.

ఆయన ఆ మాటయొద్ద ఏడు వారములు నిలిచెను. ఎనిమిదవ వారమున ఒక ఉదయము అన్న ఇంటికి వెళ్ళెను. ఆయన తలుపు తీయలేదు. మరునాడు వెళ్ళెను, వదినె తీసి, అన్న తోటకు పోయెనని చెప్పెను. మూడవ దినము తోటకే వెళ్ళెను. గట్టుకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలిచి చాలసేపు వాన సంగతి మాటలాడుకొనిరట. గట్టు మాట ఇంకను తేలలేదు. కాని ఆ ఆదివారము అన్న వచ్చి తమ్ముని వరుసలోనే, నలుగురు మనుష్యులకు ఆవల కూర్చుండెను.

"ముందరి మాటకు వెళ్ళావా?" అని మెట్లయొద్ద అడిగితిని.

"లేదండి. ఇంకో వారం ఇక్కడే ఉంటానండి" అనెను.